మా ఇంటి అమానతు

సంతానం అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహమనీ, అదే సమయంలో ఒక పరీక్ష అనీ దివ్య ఖుర్ఆన్ మనకు బోధిస్తుంది. ఈ మాటను అఖీఖా విందుల్లో, జుమా ప్రసంగాల్లో తరచుగా వింటూనే ఉంటాం. అయితే పరీక్ష అనగానే మన మనసుకు తట్టేది కొంతకాలం ఉండి వెళ్ళిపోయే కష్టం. ప్రతి ఉదయం కొత్తగా మొదలై, రాత్రి పడుకున్న తరువాత కూడా ముగియని పరీక్ష ఒకటుంటుంది. తీవ్రస్థాయి ఆటిజం, దానికి తోడు మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డను పెంచే ఇళ్ళలో జీవితం అలాగే సాగుతుంది. ఇబ్రహీంపట్నంలో మాది అలాంటి ఇల్లు. మా అబ్బాయికి ఇప్పుడు 14 ఏళ్ళు.

సానుభూతి కోరి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. మన మహల్లాల్లో ఇలాంటి బిడ్డలున్న ఇళ్ళ తలుపులు చాలావరకు మూసే ఉంటాయి. లోపల ఏం జరుగుతుందో బయటివారికి తెలియదు. తెలియనిచోట భయం, ఆ వెనుకే అపోహ చోటుచేసుకుంటాయి. ఒక తలుపు తెరిచి చూపించడమే నా ఉద్దేశం.

అజాన్ ప్రకారం నడిచే రోజు

మా అబ్బాయికి మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే మన మణికట్టు పట్టుకొని ఆ వస్తువు దగ్గరకు తీసుకువెళతాడు. దాహమైతే నా చేతిని నీళ్ళబిందె మీద పెడతాడు. గడియారం, తేదీలు, వారాలు అతనికి అర్థం కావు. కానీ ఏ పని తరువాత ఏ పని వస్తుందో మాత్రం తెలియాలి. ఆ క్రమం తప్పితే నేల కూలినంత కలవరం. చెవులు గట్టిగా మూసుకొని, తలను గోడకేసి కొట్టుకుంటాడు. ఆటిజం ఉన్న పిల్లలకు దినచర్య ఒక అలవాటు మాత్రమే కాదు, నిలబడటానికి ఆధారం.

ఆ ఆధారాన్ని మా అబ్బాయికి అజాన్ ఇచ్చింది. మేము నేర్పింది కాదు, తనే పట్టుకున్నాడు. జుహర్ అజాన్ వినిపిస్తే భోజనం. అసర్ తరువాత చెప్పులు తెచ్చి నా ముందు పెడతాడు, బయటికి నడవాలని. మగ్రిబ్ అయితే స్నానం. కరెంటు పోయి మసీదు మైకు వినిపించని రోజున గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తాడు, అన్నం ముట్టడు. అప్పుడు మా వారు ఇంట్లోనే నిలబడి అజాన్ పలుకుతారు. అది విన్నాకే పళ్ళెం దగ్గరకు వస్తాడు.

ఆ పళ్ళెం కూడా ఎప్పుడూ ఒకటే, అంచు సొట్టబోయిన స్టీలు పళ్ళెం. అన్నం ఒక వైపు, పలుచని పప్పు గిన్నెలో మరోవైపు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఇంట్లో పగారా అన్నం, దాల్చా వండిన రోజున కూడా అతనికి ఇదే భోజనం. పండుగకు కొన్న కొత్త చొక్కాను ముందుగా మూడునాలుగుసార్లు ఉతికి, మెడ దగ్గరి లేబులు కత్తిరించి, కొన్నాళ్ళు అతని పాత బట్టల మధ్య ఉంచుతాను. అప్పుడుగాని ఈద్ రోజున వేసుకోడు.

మందు మాత్రం అజాన్‌కు కాదు, గడియారానికి. ఇషా వేళ ఋతువును బట్టి మారుతుంది. మూర్ఛ మందు వేళ మారకూడదు. ఉదయం 8 గంటలకు, రాత్రి 8 గంటలకు ఫోనులో అలారం మోగుతుంది. మందు తప్పినా, నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందుకే రమజాను నెలలో మా ఇల్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడుతుంది. సహెరీ వేళ వంటింట్లో గిన్నెల చప్పుడు కాకుండా రాత్రే అన్నీ సిద్ధం చేసుకుంటాం. తరావీహ్‌కు మా వారు, అమ్మాయి, నేను, మా అత్తగారు వంతులు వేసుకుంటాం. ఒకరు ఎప్పుడూ అతని పక్కనే ఉండాలి.

నేను నమాజు చదువుతున్నప్పుడు అతను జానమాజు అంచున కూర్చొని కుచ్చులను వేళ్ళతో తడుముతూ ఉంటాడు. ఒక్కోసారి సజ్దాలో నా వీపు మీద వాలిపోతాడు. దైవప్రవక్త (సఅసం) తన మనుమరాలు ఉమామాను ఎత్తుకొని నమాజు చేయించారనీ, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు ఎరిగి నమాజును సంక్షిప్తం చేసేవారనీ హదీసు గ్రంథాల్లో చదివాక నా మనసు కుదుటపడింది. ప్రాణాపాయంలో ఉన్నవారిని ఆదుకోవడానికి నమాజును మధ్యలో విడిచిపెట్టాలని ఫిఖహ్ పండితులు స్పష్టంగా చెప్పారు. నా కొడుకు శరీరం బిగుసుకుపోయే క్షణాన నేను సందేహపడవలసిన పని లేదు.

ఆ రెండు నిమిషాలు

ఫిట్స్ రావడానికి ముందు ఒక కేక వస్తుంది. అది ఏడుపు కాదు, పిలుపు కాదు. ఛాతీలోని గాలి ఒక్కసారిగా బయటికి తోసుకువచ్చే శబ్దం. ఎంత గాఢనిద్రలో ఉన్నా ఆ శబ్దానికి నేను లేచి కూర్చుంటాను. అందుకే మేము మంచం వాడము. నేల మీద పరుపు వేసి, నా చేయి అతని భుజం మీద ఉంచి పడుకుంటాను.

ఆ సమయంలో చేయవలసింది చాలా తక్కువ. ముందుగా గడియారం చూడాలి. చుట్టూ గట్టి వస్తువులేవైనా ఉంటే జరపాలి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేసి, మనిషిని పక్కకు తిప్పాలి. నోటిలోని లాలాజలం గొంతులోకి పోకుండా బయటికి కారిపోతుంది. నోట్లో చెంచా గాని, గుడ్డ గాని, నీళ్ళు గాని పెట్టకూడదు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టడం, చెప్పు వాసన చూపించడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. మూర్ఛ తనంతట తాను ఆగిన వేళను మనం తాళంచెవి ఖాతాలో వేస్తున్నామంతే. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే మరొకటి మొదలైనా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అలాంటి అత్యవసరానికి వాడమని డాక్టరుగారు రాసిచ్చిన మిడజోలం ముక్కు స్ప్రే మా ఇంట్లో ఒకటి, నా చేతిసంచిలో ఒకటి ఉంటాయి.

చాలాసార్లు రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ రెండు నిమిషాలూ పెదవులపై దుఆ, కళ్ళు గడియారంపై. తరువాత అతను అలసి నిద్రపోతాడు. పరుపు మీది దుప్పటి మార్చి, బట్టలు మార్చి, నోటుపుస్తకంలో తేదీ, వేళ, ఎంతసేపు అన్నది రాస్తాం. డాక్టరుగారు మందు మోతాదు నిర్ణయించడానికి ఆ పుస్తకమే ఆధారం.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉందని, సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా అబ్బాయి ఆ 70 శాతంలో లేడు. రెండు రకాల మందులు వాడుతున్నా నెలకు ఒకటి రెండుసార్లు వస్తూనే ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తుందనీ, పసితనంలో ఒకసారి, యుక్తవయసు వచ్చేటప్పుడు మరోసారి ఆ ప్రమాదం పెరుగుతుందనీ వైద్యులు ముందే హెచ్చరించారు. మీసకట్టు వస్తున్న ఈ ఏడాది ఆ హెచ్చరిక మాకు అనుభవంలోకి వచ్చింది.

ఆమె కోరిన గౌరవం

మన సమాజంలో ఫిట్స్ అనగానే కొందరి నోట వచ్చే మొదటి మాట "గాలి సోకింది" అని. మా అబ్బాయి విషయంలోనూ అదే జరిగింది. అతనికి ఆరేళ్ళప్పుడు దూరపు బంధువొకరు వచ్చి, ఒక ఆమిల్ పేరు చెప్పి, నలభై రోజులు మందులు ఆపి తావీజు కట్టిస్తే నయమవుతుందని మా అత్తగారికి నచ్చజెప్పారు. మనుమడి బాధ చూడలేని ముసలి ప్రాణం ఆమెది. వారం రోజులు ఇంట్లో ఆ ఒక్క విషయంపైనే మాటలు నడిచాయి. మందు ఒక్కసారిగా ఆపితే ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చని డాక్టరుగారు చెప్పింది మాకు తెలుసు. ఆమెకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియదు.

చివరకు మా వారు తల్లి పక్కన కూర్చొని, వాదించకుండా, ఒక హదీసు వినిపించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు అది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన శిష్యుడు అతా బిన్ అబీ రబాహ్‌కు ఒక నల్లజాతి స్త్రీని చూపించి, ఆమె స్వర్గవాసి అని చెప్పారు. ఆమెకు మూర్ఛ వచ్చేది. మూర్ఛలో తన దేహం మీది వస్త్రం తొలగిపోతున్నదని ఆమె దైవప్రవక్త (సఅసం)తో మొరపెట్టుకొని, దుఆ చేయమని కోరింది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తాననీ ఆయన ఆమె ముందు రెండు మార్గాలు ఉంచారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. కానీ తన దేహం బయటపడకుండా ఉండేలా మాత్రం దుఆ చేయమని అడిగింది. ఆయన చేశారు.

"అమ్మీ, ఆమెను దైవప్రవక్త (సఅసం) దూరంగా నిలబెట్టలేదు. పాపం వల్ల వచ్చిందని అనలేదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడు, చికిత్స చేయించుకోండి అని చెప్పిందీ ఆయనే. వీడికోసం నువ్వు దుఆ చదివి ఊదు, ఎవరూ కాదనరు. మందు మాత్రం ఆపవద్దు" అన్నారు మా వారు.

మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత తావీజు ప్రస్తావన మళ్ళీ రాలేదు. ఆమెకు ఉర్దూ తప్ప మరో లిపి రాదు. ఇప్పుడు ఆ నోటుపుస్తకంలో పగటిపూట వచ్చే ఫిట్స్ వివరాలన్నీ ఆమె ఉర్దూ అంకెల్లో రాసినవే. ఆసుపత్రికి వెళ్ళేముందు నేను వాటిని తెలుగులోకి ఎత్తి రాస్తాను.

ఆ హదీసు గురించి నేను తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ స్త్రీ వ్యాధిని ఓర్చుకోవడానికి సిద్ధపడింది. అగౌరవాన్ని ఓర్చుకోవడానికి సిద్ధపడలేదు. అది ఆమె హక్కుగా దైవప్రవక్త (సఅసం) గుర్తించారు. అప్పటినుంచి మా ఇంట ప్రతి గదిలోనూ ఒక పలుచని దుప్పటి మడతపెట్టి ఉంటుంది. మూర్ఛలో బట్టలు తడిసిన క్షణాన ముందుగా అది అతనిపై కప్పుతాం. మాట రాని బిడ్డకు మానం ఉండదా? అతను చెప్పలేడు కనుక మేమే గుర్తుంచుకోవాలి.

ఆటిజం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఈ స్థితిని వివరించిన తరువాత, తల్లి ప్రేమ చాలక బిడ్డ ఇలా అయ్యాడనే సిద్ధాంతం పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం ప్రచారంలో ఉంది. శాస్త్రం దాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది, పెంపకం వల్ల వచ్చింది కాదు. కానీ మన ఇళ్ళలో "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఎక్కడికి వెళ్ళావు" అనే ప్రశ్నలు తల్లిని ఇంకా వెంటాడుతూనే ఉన్నాయి. దయచేసి ఏ తల్లినీ ఆ ప్రశ్న అడగకండి.

చెరువు, బస్సు, కార్యాలయం

మా పట్టణానికి పేరునిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 16వ శతాబ్దంలో తవ్వించిన పెద్దచెరువు మాకు గర్వకారణం. నాకు మాత్రం భయకారణం కూడా. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీరంటే విపరీతమైన ఆకర్షణ, ప్రమాదం తెలియదు. వానాకాలంలో చెరువులో నీరు చేరితే అసర్ నడకలో మేము ఆ దారి మానేస్తాం. ఇంటి తలుపుకు గడియ పైఅంచున ఉంటుంది. స్నానాలగదికి లోపలి గడియ తీసేశాం. బకెట్‌లో నీళ్ళు సగానికి మించి పట్టము. అతని ప్రతి కమీజు అంచు లోపల మా ఫోను నంబరు దారంతో కుట్టి ఉంది. అది మా అమ్మాయి పని.

శిక్షణ కోసం తొలి రోజుల్లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థకు వెళ్ళేవాళ్ళం. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలైన ఆ కేంద్రంలోనే బొమ్మకార్డులతో అవసరం తెలపడం అతనికి నేర్పారు. గ్లాసు బొమ్మ, చెప్పుల బొమ్మ, దుప్పటి బొమ్మ. ఈ మూడు కార్డులు అందుకోవడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా నగరం దాటి అంత దూరం వెళ్ళి రావడమంటే ఒక రోజు పని. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడం మాలాంటివారికి కొంత ఊరట. కిటికీ పక్క సీటు దొరికితే ప్రయాణం సాఫీగా సాగుతుంది. దొరకని రోజున అతను అరుస్తాడు, అందరూ తిరిగి చూస్తారు. ఒకసారి ఒక పెద్దాయన ఏమీ అడగకుండా లేచి తన కిటికీ సీటు ఇచ్చారు. ఆయన ఎవరో తెలియదు; నా దుఆలో ఆయన ఉన్నారు.

తెలియక చాలామంది పోగొట్టుకుంటున్న హక్కులు కొన్ని ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ధ్రువపత్రం ఉంటే పింఛను, బస్సు రాయితీ వంటివి పొందవచ్చు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2023లో నెలకు రూ. 4,016కు పెరిగింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకోసం భవిత కేంద్రాలున్నాయి. సహనం అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. బిడ్డకు రావలసినదానికోసం కార్యాలయం మెట్లు ఎక్కడం కూడా సహనమే.

మా తరువాత

ఇంతవరకు చెప్పినవన్నీ ఎలాగో నెట్టుకురాగల విషయాలు. నిద్రపట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. మా తరువాత ఎవరు?

మా అమ్మాయికి 20 ఏళ్ళు. గత ఏడాది ఒక మంచి సంబంధం వచ్చింది. చూడటానికి వచ్చే రోజున తమ్ముణ్ణి మా చెల్లెలింట్లో ఉంచమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. వారి ఉద్దేశం మంచిదే. అమ్మాయి విని, "అమ్మీ, నికాహ్ అయ్యాక వాణ్ణి ఎక్కడ దాస్తారు?" అని అడిగింది. మేము మధ్యవర్తి ద్వారా ముందుగానే విషయమంతా చెప్పించాం. వాళ్ళు రాలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు. అమ్మాయి మాత్రం రోజూలాగే తమ్ముడి పళ్ళెంలో అన్నం, గిన్నెలో పప్పు పెట్టింది. ఇప్పటికీ సంబంధాలు చూస్తూనే ఉన్నాం. ముందుగా చెప్పడం మానలేదు.

అయితే తమ్ముడి భారమంతా ఆమె మీద వేయడం న్యాయం కాదని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. అక్క అతన్ని ప్రేమించాలి. అతనికి జీతం లేని ఆయాగా మిగిలిపోకూడదు. ఇక్కడ మాకు దారి చూపింది షరీఅతే. తమ సొమ్మును నిర్వహించుకోలేనివారి చేతికి ఆస్తి అప్పగించవద్దనీ, దాని నుంచే వారికి తిండి, బట్ట సమకూర్చి, వారితో మంచిమాట మాట్లాడమనీ సూరయె నిసాలో ఆదేశం ఉంది. మాట రానివాడని వారసత్వంలో కొడుకు వాటా తగ్గదు. అది అతని హక్కు. నిర్వహించేవారు ధర్మకర్తలు మాత్రమే. దేశ చట్టం కూడా ఇందుకు ఏర్పాటు చేసింది. బిడ్డకు 18 ఏళ్ళు నిండాక తల్లిదండ్రులైనా తమంతట తాము చట్టబద్ధ సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. మన జిల్లా కలెక్టరేటు ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగర కలాన్‌లోనే ఉంది. మరో నాలుగేళ్ళలో మేము ఆ మెట్లెక్కాలి. మా తరువాత అతని వాటాను చూసుకోవడానికి మా మరిది, మా అమ్మాయి ఇద్దరూ కలిసి బాధ్యులుగా ఉండేలా ఇప్పటినుంచే కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

అయినా కాగితం రాత్రివేళ లేచి కూర్చోదు కదా, భుజం మీద చేయి వేసి పడుకోదు కదా అని మనసు అంటుంది. నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ ప్రాణిపైనా అది మోయలేని భారం వేయనని అల్లాహ్ చేసిన వాగ్దానాన్ని పట్టుకొని ఉన్నాను. ఆ భారాన్ని ఒక ఇల్లు మోయాలా, ఒక మహల్లా పంచుకోవాలా అన్నది మాత్రం మనందరి చేతుల్లో ఉంది.

అందుకే పాఠక సోదర సోదరీమణులకు నా మనవి. మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లికి సలహా ఇచ్చేముందు ఒక గంట సమయం ఇవ్వండి. ఆమె స్నానం చేసి, నెమ్మదిగా రెండు రకాతుల నమాజు చేసుకునేంతవరకు బిడ్డ పక్కన కూర్చోండి. మసీదులో అలాంటి బాలుడు గట్టిగా అరిస్తే తండ్రి వైపు కోపంగా చూడకండి. సఫ్ చివర కాస్త చోటివ్వండి. వలీమాకు పిలిచేటప్పుడు ఆ బిడ్డ పేరు కూడా చెప్పి పిలవండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేయవలసిన ఆ నాలుగు పనులను మసీదు నోటీసు బోర్డుపై రాయించండి. కలం ఎవరి నుంచి ఎత్తివేయబడిందో వారు లెక్క చెప్పనవసరం లేదు. వారి విషయంలో లెక్క చెప్పవలసినవాళ్ళం మనమే.

ఈ అమానతును చెడనివ్వకుండా కాపాడే శక్తిని అల్లాహ్ ఇలాంటి ప్రతి తల్లికీ తండ్రికీ ప్రసాదించుగాక! వారి తరువాత కూడా ఈ బిడ్డలకు దయగల చేతులను కరువు చేయకుండు గాక! ఆమీన్.